అమ్మకి రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు, వేడి పాలు నిజంగా పనిచేస్తాయా?

గోదావరి అమ్మాయి:
అందరికీ నమస్కారం. మా అమ్మకి 61 ఏళ్లు, షుగర్ ఉంది. నాన్న పోయాక ఊళ్లో ఒక్కతే ఎందుకని జనవరిలో హైదరాబాద్ మా ఇంటికి తెచ్చుకున్నాం. అప్పట్నుంచి రాత్రి ఒంటిగంట, రెండు దాకా మెలకువే. నేను మంచినీళ్లకి లేచినప్పుడల్లా హాల్లో లైటు వేసుకోకుండా కూర్చుని ఉంటుంది, ఏమ్మా అంటే 'ఏం లేదులే, నువ్వు పడుకో' అంటుంది. మా అత్తయ్యగారు వేడి పాలల్లో జాజికాయ పొడి వేసి ఇమ్మన్నారు. పది రోజులుగా ఇస్తున్నా. మొదట రెండు మూడు రాత్రులు బాగానే పడుకుంది, తర్వాత మళ్లీ మామూలే, పైగా కడుపు ఉబ్బరం అంటోంది. జాజికాయ ఇంకొంచెం పెంచనా? గేదె పాలు ఇచ్చి చూడనా? నిద్రమాత్రలంటే నాకు భయం.

పెద్దాపురం బాబాయ్:
జాజికాయ మాత్రం పెంచకమ్మా. చిటికెడు అంటే చిటికెడే. ఎక్కువైతే వాంతులు, గుండెదడ, మత్తు వస్తాయి, అది నిద్ర కాదు. గేదె పాలు నిద్ర పట్టనివాళ్లకి మంచివని చరక సంహితలోనే ఉంది, కానీ ఆవు పాల కన్నా బరువని, ఆకలి మరీ మండిపోయేవాళ్లకి హితమని కూడా అక్కడే చెప్పారు. ఉబ్బరంతో బాధపడే మనిషికి అవి ఇచ్చి ఏం లాభం?

నైట్ డ్యూటీ నర్సు:
పాలల్లో ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం (ప్రొటీన్లలో ఉండే పదార్థం) ఉంటుంది, మన ఒళ్లు దాన్నుంచే సెరటోనిన్ అనే రసాయనం, ఆపైన నిద్రకి సంబంధించిన మెలటోనిన్ తయారుచేసుకుంటుంది, అందరూ చెప్పే కారణం ఇదే. నిజమే గానీ గ్లాసు పాలల్లో అది సుమారు 100 మిల్లీగ్రాములే, అది కూడా మెదడులోకి వెళ్లాలంటే పాలల్లోనే ఉన్న మిగతా అమైనో ఆమ్లాలతో పోటీ పడాలి. అందుకని మందులా పనిచేస్తుందని అనుకోవద్దు. రోజూ అదే టైముకి, వేడిగా, నెమ్మదిగా తాగితే మనసు కుదుటపడుతుంది, ఆ అలవాటు మంచిదే, మానిపించకండి. ఉబ్బరం బహుశా పాలల్లో ఉండే లాక్టోజ్ అనే చక్కెర అరగక కావచ్చు, అరగ్లాసు చాలు, పంచదార వద్దు, తాగిన వెంటనే పడుకోనివ్వకండి.

నాకు అసలు తెలియాల్సింది వేరే. టీ ఎప్పుడు తాగుతారు? మధ్యాహ్నం ఎంతసేపు పడుకుంటారు? గురక ఉందా? రాత్రి బాత్రూంకి ఎన్నిసార్లు లేస్తారు? షుగర్ అదుపులో లేకపోయినా అలా లేవాల్సి వస్తుంది.

గోదావరి అమ్మాయి:
అక్కా, సాయంత్రం ఆరున్నరకి టీ ఉండాల్సిందే. మేమిద్దరం ఆఫీసుకెళ్లాక మధ్యాహ్నం రెండు గంటలు పడుకుంటుందట, ఈరోజే అడిగాను. గురక లేదు, ఒకసారి లేస్తుంది. ఊళ్లో అయితే తెల్లారకుండానే వాకిలి కడిగి, ముగ్గు వేసి, గుడిదాకా నడిచి వచ్చేది. ఇక్కడ ఎనిమిదో అంతస్తు, ఎండ మొహమే చూడడం లేదు.

నైట్ డ్యూటీ నర్సు:
అదిగో. టీలోని కెఫీన్ ఐదారు గంటలైనా సగం ఒంట్లోనే ఉంటుంది, ఆ టీని మూడింటికి జరపండి. పగటి నిద్ర అరగంట చాలు. పొద్దున్నే కాసేపు ఎండలో నడిపించండి. పడుకున్నాక ఇరవై నిమిషాలైనా పట్టకపోతే దొర్లకుండా లేచి కూర్చోవడం మంచిదే, అమ్మగారు చేస్తున్నది తప్పు కాదు. కానీ వారానికి మూడు రాత్రులకి తగ్గకుండా మూడు నెలలు ఇలాగే ఉంటే దీర్ఘకాలిక నిద్రలేమి కింద లెక్క, డాక్టరుకి చూపించాలి. మాత్రల కన్నా ముందు సీబీటీ అనే కౌన్సెలింగ్ పద్ధతి ఉంది, దాని గురించి అడగండి.

సీతమ్మధార అక్క:
చెల్లీ, ఒక మాట. నాన్నగారు పోయి ఎన్నాళ్లయింది? మా అమ్మ కూడా చీకట్లో అలాగే కూర్చునేది. నేను పాల గ్లాసు చేతికిచ్చి వెళ్లిపోయేదాన్ని, కూర్చోవాలని చాలా నెలలదాకా నాకు తోచలేదు. మీరు ఆ తప్పు చేయకండి.

గోదావరి అమ్మాయి:
ఏడు నెలలు అక్కా. రాత్రి తొమ్మిదిన్నరకి పాలు కాచి నేనూ పక్కన కూర్చున్నాను. నాన్న గురించి గంట మాట్లాడింది, ఇక్కడికి వచ్చాక ఇదే మొదటిసారి. పన్నెండుకి పడుకుంది. సోమవారం డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకున్నా, ఏమన్నారో వచ్చి రాస్తాను.