21 వేల పాటలకు ఒక పెట్టె: విడి ప్లేయరా, పాత ఐపాడా, ఫోనే చాలునా?

#1 గోదావరిగట్టు

సభ్యులందరికీ నమస్కారం. ఇరవయ్యేళ్లుగా కూడబెట్టుకున్న పాటలన్నీ మా ఇంట్లో ఒక హార్డ్‌డిస్కులో ఉన్నాయి. మొన్న లెక్క చూస్తే 21,400 ఫైళ్లు, 470 జీబీ తేలింది. వాటిలో 9,000 దాకా పాత సినిమా పాటలు, లలిత గీతాలు. సీడీల నుంచి నేనే, ధ్వని నాణ్యత తగ్గకుండా దాచే ఫ్లాక్ రూపంలో ఎక్కించుకున్నాను. మరో 1,800 కర్ణాటక సంగీత కచేరీలవి, అవీ ఫ్లాకే. మిగిలిన 10,600 ఎంపీ3లు, 74 జీబీ. విజయవాడ ఆకాశవాణిలో భక్తిరంజని వస్తుంటే మా నాన్నగారు రేడియో ముందు టేపురికార్డరు పెట్టి పట్టిన పాటలు కూడా వీటిలోనే ఉన్నాయి. ఒక తత్వం మధ్యలో మా అమ్మ వంటింట్లోంచి పిలిచిన పిలుపు వినబడుతుంది.

ఇవన్నీ జేబులో వేసుకుని పొద్దున్నే గట్టు మీద నడిచేటప్పుడు, నెలకు రెండుసార్లు రాజమండ్రి నుంచి సికింద్రాబాదుకు రైల్లో వెళ్లేటప్పుడు వినాలని నా కోరిక. ఇరవై వేల రూపాయల దాకా పెట్టగలను. ఆండ్రాయిడ్ మీద నడిచే మ్యూజిక్ ప్లేయరు తీసుకోవాలా, బటన్లతో పనిచేసే చిన్న ప్లేయరు చాలునా, పాత ఐపాడ్‌ను బాగుచేయించుకోవాలా, లేక ఉన్న ఫోనుతోనే సరిపెట్టుకోవాలా? దుకాణంలో 512 జీబీ మెమొరీ కార్డు సరిపోతుందని ఇచ్చారు. ఇంటికి తెచ్చి కంప్యూటరులో పెడితే 476 అని చూపిస్తోంది. మోసపోయానా?

#2 ఒకేజేబు

మోసమేమీ లేదండీ. కార్డు తయారుచేసేవారు వెయ్యికి వెయ్యి చొప్పున లెక్కగడతారు, విండోస్ మాత్రం 1,024 చొప్పున లెక్కగడుతుంది. అందువల్ల 512 అన్నది 476గా కనబడుతుంది. అయితే మీ సంచయం 470 కనుక ఆ కార్డు మొదటి రోజే నిండిపోతుంది.

అసలు ప్రశ్నకు వస్తే, ఫోను ఉండగా మరో పెట్టె ఎందుకన్నది నా వాదన. పెద్ద ఖరీదు ఫోన్లలో కార్డు పెట్టుకునే వీలు పోయిన మాట నిజమే. శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్21 నుంచి, అంటే 2021 నుంచి, ఆ వరుసలో అది లేదు. ఇయర్‌ఫోను రంధ్రాన్ని ఆపిల్ సంస్థ 2016లో ఐఫోన్ 7తోనే తీసేసింది. అయినా మధ్యరకం ఫోన్లలో రెండూ ఇప్పటికీ దొరుకుతున్నాయి, రంధ్రం లేనివాటికి వేలెడంత యూఎస్‌బీ తీగ తగిలిస్తే సరిపోతుంది. ఇంకొక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి: ఈ 21,400లో గత ఏడాది మీరు విన్నవి ఎన్ని? నెలకు కొంత చందా కడితే వీటిలో చాలా భాగం ఆన్‌లైన్‌లోనే వినవచ్చును.

#3 తంబూర

ఒకేజేబు గారి చివరి ప్రశ్న వినడానికి చమత్కారంగా ఉన్నా, పాటలు పోగుచేసేవారు దానికి జవాబు చెప్పనక్కరలేదని నా అభిప్రాయం. ఇంట్లో ఉన్న పుస్తకాలన్నీ ఏటేటా చదువుతున్నామా?

చందా సంగతి చూద్దాం. స్పాటిఫై 2019 ఫిబ్రవరిలో మన దేశానికి వచ్చింది. వచ్చిన రెండు నెలలకే సరిగమ సంస్థతో పేచీ కోర్టుకెక్కి, ఆ సంస్థ పాటలన్నీ అక్కడి నుంచి తీసేశారు, 2020 జూన్‌లో ఒప్పందం కుదిరేదాకా అవి మళ్లీ రాలేదు. పాత హెచ్‌ఎంవీ రికార్డుల హక్కులు ఆ సంస్థవే కనుక, పాత తెలుగు పాటలు వినేవారికి ఆ ఏడాది పైచిలుకు కాలం ఎలా గడిచిందో ఊహించుకోవచ్చును. 2023 మార్చిలో జీ మ్యూజిక్ పాటలనూ అక్కడి నుంచి తీసేశారు. ఎయిర్‌టెల్ వారి పాటల సేవ వింక్ 2024లో మూతబడింది. వీటన్నిటి మాట అలా ఉంచినా, నాన్నగారు పట్టిన భక్తిరంజని ఏ చందాకూ దొరకదు.

ప్లేయరు ఎంచేటప్పుడు కచేరీలు వినేవారు తప్పక చూడవలసింది ఒకటుంది. సీడీల మీద రాగం, తానం, పల్లవిని మూడు ట్రాకులుగా కోసి పెడతారు, విద్వాంసుడు మాత్రం ఒక్క ఊపిరిలా పాడి ఉంటాడు. ప్లేయరు ఒక ట్రాకు ముగించి రెండోది తెరిచే వ్యవధిలో చిన్న మౌనం దూరిందంటే తానం మొదలయ్యే చోట గొంతు నొక్కినట్టు ఉంటుంది. ఫ్లాక్‌లో ఫైలు సరిగ్గా ధ్వని నమూనాల (సెకనుకు వేలసార్లు కొలిచి రాసిన విలువల) లెక్క ప్రకారమే ముగుస్తుంది కనుక ప్లేయరు చేతనైనదైతే అతుకు తెలియదు. ఎంపీ3 అయితే 1,152 నమూనాల ముక్కలుగా కూర్చే పద్ధతి కావడంతో మొదట, చివర కొంత ఖాళీ చేరుతుంది. ఆ ఖాళీ ఎంతో, ఎంపీ3లు తయారుచేసే లేమ్ వంటి ఎన్‌కోడర్లు ఫైలు తలలోనే రాసిపెడతాయి, దాన్ని చదివి వదిలేసే ప్లేయర్లూ ఉన్నాయి, పట్టించుకోనివీ ఉన్నాయి. దుకాణానికి మీ పల్లవిని వెంట తీసుకెళ్లి, అక్కడే వినిపించుకుని కొనండి.

#4 గుండ్రచక్రం

అందరూ నన్ను ఛాందసుడనుకున్నా సరే, ఐపాడ్ పక్షాన నిలబడతాను. 2001 అక్టోబరులో మొదటి ఐపాడ్ వచ్చినప్పుడు దానిలో ఉన్నది 1.8 అంగుళాల తోషిబా డిస్కు, 5 జీబీ. వెయ్యి పాటలు జేబులో అని చాటుకున్నారు. 2007కల్లా క్లాసిక్ పేరుతో 160 జీబీ వచ్చింది. 2014లో దాన్ని ఆపేశాక, 2019లో 256 జీబీ ఐపాడ్ టచ్ వచ్చేదాకా పెద్ద సంచయాలున్నవారికి ఆపిల్ దగ్గర అంత చోటున్న ఐపాడ్ దొరకలేదు. చివరికి 2022 మేలో ఆ టచ్ కూడా ఆగిపోయింది.

ఇప్పుడు ఆ పాత పెట్టెలో తిరిగే డిస్కును తీసేసి, దాని స్థానంలో మెమొరీ కార్డులు పట్టే చిన్న పలక బిగించవచ్చును. డిస్కు తిరిగే బరువు తప్పినందున బ్యాటరీ మరింతసేపు నిలుస్తుంది, జారిపడినా భయం ఉండదు. ఆపిల్ సొంత సాఫ్ట్‌వేరు ఫ్లాక్‌ను చదవదు. అందుకు రాక్‌బాక్స్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును ఎక్కించుకోవాలి. అది ఫ్లాక్‌ను చదువుతుంది, తంబూర గారు చెప్పిన అతుకు తెలియనివ్వదు, ఒక పాట గట్టిగా ఒక పాట మెల్లగా మోగకుండా రీప్లేగెయిన్ ప్రకారం సర్దుతుంది కూడా. 78 ఆర్‌పీఎం రికార్డు నుంచి తీసిన పాట పక్కన ఈ ఏటి సినిమా పాట వచ్చినప్పుడు చెవులు ఎలా అదురుతాయో తెలిసినవారికి ఈ సౌకర్యం విలువ తెలుస్తుంది.

కొనేవారికి ఒక హెచ్చరిక. 2005 నాటి వీడియో ఐపాడ్‌లో 30 జీబీ రకానికి 32 ఎంబీ ర్యామ్, 60 జీబీ రకానికి 64 ఎంబీ. ఆపిల్ సాఫ్ట్‌వేరుతోనే వాడితే పాటల పట్టిక అంతా ఆ ర్యామ్‌లోనే పట్టాలి. కార్డు ఎంత పెద్దదైనా 21 వేల పాటల పట్టికకు చిన్న ర్యామ్ చాలకపోవచ్చును; మెనూ దగ్గరే నిలబడిపోవచ్చును. తయారై పదేళ్లు దాటిన బ్యాటరీ ఉబ్బి ఉండవచ్చును కాబట్టి వెనుక మూత కొద్దిగా లేచి ఉన్నది తీసుకోకండి.

చక్రం మీద బొటనవేలు తిప్పుతూ అక్షరాలు దొర్లిపోతుంటే వేల పేర్లలో ఒక పేరు దగ్గర ఆగే ఆ సుఖం ఏ తాకుతెరలోనూ లేదు. నడుస్తూ, చూడకుండా పాట మార్చుకోగలను.

#5 గోదావరిగట్టు

ఇన్ని వివరాలకు కృతజ్ఞతలు. ఒక సంగతి మొదటి టపాలో చెప్పడం మరిచాను: నా పాటల పేర్లు, గాయకుల పేర్లు చాలా భాగం తెలుగు లిపిలోనే ఉన్నాయి. ఇది అడ్డమవుతుందా?

#6 డాలస్ శ్రోత

గోదావరిగట్టు గారూ, నాలుగు టపాలుగా అందరూ చోటు గురించి, ధ్వని గురించి మాట్లాడుతున్నారు. మీ నిర్ణయం ఈ ఒక్క ప్రశ్న మీదే తేలుతుందని నేననుకుంటున్నాను, ఎందుకంటే ఇదే పొరపాటు నేను డబ్బు పెట్టి నేర్చుకున్నాను.

నాలుగేళ్ల క్రితం ఆండ్రాయిడ్ కాని, బటన్లతో నడిచే ఒక చిన్న ప్లేయరు కొన్నాను. ధ్వని బాగుంది, ఛార్జి రెండు రోజులు వచ్చేది. మొదట తెలుగు పేర్లన్నీ ఖాళీ డబ్బాలుగా కనబడ్డాయి. తెలుగు అక్షరాలున్న ఫాంటు దొరకబుచ్చుకుని ఎక్కించాను. డబ్బాలు పోయాయి కానీ అసలు తిప్పలు అప్పుడు మొదలయ్యాయి. మన లిపిలో వత్తు దాని హల్లు కిందకో పక్కకో చేరాలంటే అక్షరాలను కూర్చే ఏర్పాటు సాఫ్ట్‌వేరులో ఉండాలి, ఫాంటు ఒక్కటే ఉంటే చాలదు. అది లేని నా ప్లేయరు తెర మీద అన్నమయ్య కాస్తా 'అన్‌నమయ్‌య' అయ్యారు, త్యాగరాజు 'త్‌యాగరాజు' అయ్యారు. గాయకుల పట్టిక తెరిస్తే ఘంటసాల, సుశీల, జానకి, లీల క్షేమంగా ఉన్నారు, వారి పేర్లలో వత్తులు లేవు కనుక. మన బాలు గారు మాత్రం 'బాలసుబ్‌రహ్‌మణ్‌యం' అని మూడు చోట్ల విరిగి, తెర చివరకు చేరకముందే కనుమరుగయ్యారు. ఒక వారం నవ్వుకున్నాను, తరువాత ఆ ప్లేయరును మా అబ్బాయికి ఇచ్చేశాను.

అయితే రోమన్ లిపిలోకి మార్చుకోవచ్చు కదా అంటారు. అదీ చేసి చూశాను. రోమన్‌లో ఘంటసాల పేరును మొదటి అక్షరం పక్కన హెచ్ పెట్టి ఒకరు, పెట్టకుండా ఒకరు, సా దగ్గర మళ్లీ హెచ్ చేర్చి ఇంకొకరు రాస్తారు. ప్లేయరు దృష్టిలో వీరు ముగ్గురు వేరువేరు మనుషులు. తెలుగులోనూ ఈ బెడద లేకపోలేదు. ఒక ఫైలులో ఘంటసాల, మరొకదానిలో ఘంటసాల వేంకటేశ్వరరావు, ఇంకొకదానిలో వెంకటేశ్వరరావు అని ఉంటుంది. 200 పాటలున్నవారికి ఇది చిన్న చిరాకు. 21 వేలున్నవారికి పాట దొరకడం, దొరకకపోవడం ఇక్కడే తేలుతుంది. కొనే ముందే ఎంపీ3ట్యాగ్ వంటి ఉచిత సాధనంతో పేర్లు ఒక తీరుకు తెచ్చుకోండి. పనిలో పనిగా యుగళగీతాలున్న సినిమాలకు ఆల్బమ్ ఆర్టిస్టు గడి నింపండి. అది ఖాళీగా ఉంటే కొన్ని ప్లేయర్లలో ఒకే సినిమా ఆరు ఆల్బమ్‌లుగా చీలిపోతుంది.

ఇంకొకటి. బటన్ల ప్లేయర్లలో కొన్నింటికి పట్టికలో చేర్చగల పాటల సంఖ్యకు హద్దు ఉంటుంది. అది పెట్టె మీద రాయరు, మాన్యువల్ లోపలి పేజీల్లో వెతకాలి.

#7 ఒకేజేబు

ఈ మాటతో నా పక్షమే బలపడింది. నా ఫోనులో బాలసుబ్రహ్మణ్యం గారు నిండుగా, వత్తులన్నిటితో కనబడుతున్నారు. తెలుగులో టైపు చేసి వెతకగలను కూడా.

#8 గుండ్రచక్రం

వత్తుల విషయంలో ఓటమి ఒప్పుకుంటున్నాను. నా సంచయమంతా మొదటి నుంచీ రోమన్‌లోనే ఉండటం వల్ల ఈ కష్టం నా అనుభవంలోకి రాలేదు. అయితే ఆండ్రాయిడ్ ప్లేయర్లకు తొందరపడి ఓటు వేయకండి. సోనీ 2023లో తెచ్చిన ఎన్‌డబ్ల్యూ-ఏ306 వంటివాటికి కార్డు పట్టే చోటు ఉంది, చేతిలో ఇమిడిపోతుంది, కానీ అమ్మిన రోజున ఏ ఆండ్రాయిడ్‌తో వచ్చాయో ఈ తరహా ప్లేయర్లు చాలావరకు దానితోనే ముసలివైపోతాయి. వాడకుండా బల్ల మీద పెట్టినా రెండు మూడు రోజుల్లో ఛార్జి దిగిపోయే జాతి కూడా ఇదే.

చోటు సమస్యకు నాదొక సలహా. జేబులోకి ఫ్లాక్ ఎందుకు? 396 జీబీ ఫ్లాక్‌ను 256 కేబీపీఎస్ (సెకనుకు 256 కిలోబిట్ల) ఎంపీ3గా మార్చుకుంటే సుమారు 120 జీబీ అవుతుంది. ఉన్న ఎంపీ3ల 74 కలిపినా 200 దాటదు. రైలు చప్పుడులో తేడా చెప్పగలిగిన చెవి నాకింకా తారసపడలేదు.

#9 తంబూర

రైలు చప్పుడు మాట నిజమే. క్యాసెట్ల నుంచి తీసినవాటికి ఫ్లాక్ అక్కరలేదని నేనూ ఒప్పుకుంటాను, టేపు బుస అంత స్పష్టంగా వినవలసిన పని లేదు. 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్ అంటూ దుకాణాల్లో ఊరించేవాటికి కూడా లొంగకండి, సీడీలో సెకనుకు 44,100 నమూనాలు, అంటే 44.1 కిలోహెర్ట్జే, మనిషి చెవికి వినబడే 20 కిలోహెర్ట్జ్‌ను పూర్తిగా పట్టుకుంటుంది. కానీ రెండు సంచయాలు పెట్టుకున్నవాడి గతి నాకు తెలుసు. ఇంట్లో ఫ్లాక్ పేరు సరిచేస్తారు, జేబులోని ఎంపీ3 పేరు పాతదే ఉండిపోతుంది; ఆరు నెలలకు ఏది సరైనదో మీకే తెలియదు. 1 టీబీ కార్డు (విండోస్‌లో 931గా కనబడుతుంది) దొరుకుతున్నప్పుడు ఈ లంపటం ఎందుకు? నమ్మకమైన చోట కొని, వాడకముందే ఎచ్2టెస్ట్‌డబ్ల్యు వంటి సాధనంతో కార్డును పూర్తిగా నింపి పరీక్షించండి, పైన 1 టీబీ అని అచ్చువేసి లోపల 64 మాత్రమే ఉన్న నకిలీలు తిరుగుతున్నాయి. పాటలు ఎక్కించేటప్పుడు ప్లేయరు తీగతో కాకుండా కార్డు రీడరుతో ఎక్కించండి. సెకనుకు 30 ఎంబీ చొప్పున రాసే కార్డుకైనా మీ 470 జీబీకి నాలుగున్నర గంటలు పడుతుంది. కొన్ని ప్లేయర్ల తీగతో అయితే తెల్లవారుతుంది.

#10 గోదావరిగట్టు

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. మా వీధిలోనే ఉండే ఒక మిత్రుని దగ్గర ఆండ్రాయిడ్ ప్లేయరు ఉంటే మూడు రోజులకు అడిగి తెచ్చుకుని, 300 పాటలు ఏరి కార్డులో వేశాను: వత్తులున్న పేర్లు, ముక్కలు చేసిన కచేరీలు, 78 రికార్డులు, భక్తిరంజని. పేర్లన్నీ సరిగ్గా కనబడ్డాయి. దానితో వచ్చిన ఆప్‌లో పల్లవి దగ్గర అతుకు తెలిసింది; వేరే ఆప్ వేసి, గ్యాప్‌లెస్ అనే అమరికను ఎంచుకున్నాక తెలియలేదు. గట్టు మీద నడుస్తున్నప్పుడు పక్కనున్న బటన్లతో పాట మార్చుకోగలిగాను, తెర చూడవలసి రాలేదు. ఎండలో ఆ తెర ఎలాగూ కనబడదు.

అందుచేత అటువంటిదే, కార్డుతో కలిపి నా ఇరవై వేలలో ఇమిడేది, తీసుకుందామని నిశ్చయించుకున్నాను. ఒకేజేబు గారికి ఒక్క మాట: ఫోనులో వింటుండగా మూడు కిలోమీటర్ల నడకలో నాలుగు ఫోన్లు వచ్చాయి, రెండు అప్పు ఇస్తామని. 512 కార్డును వెనక్కి తీసుకునేది లేదని దుకాణంవారు చెప్పేశారు కాబట్టి దానిని ఇంట్లో రెండో నకలుకు ఉంచుకుంటాను.

డాలస్ శ్రోత గారి మాట ప్రకారం కొనుగోలు ఆపి, పేర్లు సరిచేసే పనిలో కూర్చున్నాను. బాలసుబ్రహ్మణ్యం గారి పేరు నా డిస్కులో పదకొండు రకాలుగా ఉంది. నిన్న రాత్రికి ఆ పదకొండునూ ఒక్కటి చేశాను. జానకి గారి దగ్గరికి ఇంకా రాలేదు.