లేబుల్ మీద రాయని సల్ఫైట్‌కి సరుకంతా వెనక్కి రప్పించాలా?

సిక్కోలు చిన్నోడు:
మా అక్క కూతురికి చిన్నప్పట్నుంచీ ఆయాసం. మొన్న శ్రీకాకుళం బజార్లో కొన్న ఎండు ఆప్రికాట్లు నాలుగు తిందో లేదో పిల్లికూతలు మొదలయ్యాయి. ఇన్హేలర్‌తో సర్దుకుంది. కవరు తిప్పి చూస్తే బరువు, ధర, తేదీ, లైసెన్సు నంబరు. అంతే. ఆ నారింజ రంగు గంధకం పట్టిస్తేనే నిలుస్తుంది, లేకపోతే పండు ఎండేసరికి గోధుమరంగుకి తిరిగిపోతుంది. ఆ గంధకం వల్ల పండులో మిగిలే సల్ఫైట్ కిలోకి 10 మిల్లీగ్రాములు, ఆపైన ఉండి లేబుల్ మీద లేకపోతే అమెరికాలో ఆ సరుకు వెనక్కి రప్పిస్తారు. మన 2020 లేబులింగ్ నిబంధనల్లోనూ అదే 10. ఇక్కడ మాత్రం ఎందుకు రప్పించరు?

కాశీబుగ్గ ప్యాకింగ్:
బాబూ, గుంట బాగుంది కదా, అది చాలు. కానీ రప్పించమంటే రప్పించేదెవరు? మాది జీడిపిక్కల యూనిట్. దీపావళి గిఫ్ట్ ప్యాకెట్లకని కిస్మిస్, ఆప్రికాట్ పెట్టెలు తెప్పించి చిన్న కవర్లలో నింపుతాం. ఒక్క స్టిక్కర్ లేదని టెక్కలి నుంచి ఇచ్ఛాపురం దాకా కొట్టుకొట్టుకీ తిరిగి ఏరుకొస్తే పండగ లాభం డీజిల్‌కే పోతాది. గోనెసంచిలో విడిగా అమ్మేవోడికి లేబులూ నేదు, గోలా నేదు. ముందు ఆడి సంగతి చూడండి.

విజీనారం మందులషాపు:
గోనెసంచి వాదన తర్వాత. ముందు మీ పెట్టె సంగతి. టర్కీ నుంచి వచ్చే పెట్టె మీద మామూలుగా ప్రిజర్వేటివ్ 220 అని, అంటే ఆ గంధకం సంగతే, అచ్చేసి ఉంటుంది. మీరు దాన్ని కోసి కవర్లలో నింపగానే ఆ ముక్క అట్టతో పాటు చెత్తలోకి పోతోంది. సరుకు వెనక్కి రప్పించడం మీద వచ్చిన 2017 రీకాల్ నిబంధనలు ముందస్తు ప్రణాళిక అక్కర్లేదన్నది వట్టి చిల్లర కొట్లకే, ప్యాక్ చేసేవాళ్లకి కాదు.

ఆప్రికాటే కారణమని ఒక్కసారికే ఖాయం చెయ్యలేం. సల్ఫైట్ ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఆయాసం ఉన్నవాళ్లనే. నాకు అంతకన్నా భయం మీ బల్ల మీది జీడిపప్పు నూక. అదే బల్ల, అదే తక్కెడ, అదే గరిట. జీడిపప్పు పడనివాళ్లలో కొందరికి నలుసంత చాలు, గొంతు వాచి బీపీ పడిపోతుంది. నూక కలిసిన కిస్మిస్ అయితే ఆ పూటే వెనక్కి రప్పించాలి, డీజిల్ లెక్క నేను వినను. సల్ఫైట్ అయితే కొట్లో మిగిలిన కవర్లకి స్టిక్కర్ వేయించండి, అమ్ముడైపోయిన వాటి గురించి పేపర్లో వేయించండి.

భీమాళి తాండ్ర:
మా ఊళ్లో మామిడి రసం చాపల మీద పొరలు పొరలుగా పోసి ఎండబెడతాం. రంగు మారకుండా మెటాబైసల్ఫైట్ (అదీ సల్ఫైటే) కలిపే పద్ధతీ ఉంది. కలిపినోడు రాయాలి. కలపనోడి మీద పడకండి.

కాశీబుగ్గ ప్యాకింగ్:
స్టిక్కర్ సరే, వేయిస్తాం. కానీ ఏ కవరు ఏ పెట్టెలోదని రాసుకునే అలవాటు ఇక్కడ ఎవరికుందండీ?

సిక్కోలు చిన్నోడు:
అదే కదా అన్నా నా గొడవ! లాట్ నంబరు లేనప్పుడు ఏది రప్పించాలో మీకే తెలీదు. ఒక్క పెట్టెతో పోయేదానికి మొత్తం సరుకు తేవాల్సొస్తుంది. నంబరు గుద్దుకుంటే నష్టం తగ్గేది మీకే. నేనైతే సోమవారం ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్‌కి ఫిర్యాదు ఇస్తున్నా.

విజీనారం మందులషాపు:
తెరిచిన కవరు ఒక్కటే పట్టుకెళ్తే మీరే ఏదో కలిపారంటారు. అదే తేదీది తెరవని కవరు ఇంకోటి కొని, బిల్లు అడిగి తీసుకోండి.