దుబాయ్‌లో డాల్ఫిన్ షో టికెట్ తీసుకోవాలా వద్దా?

పెన్నా_ఒడ్డు (నెల్లూరు):

అందరికీ నమస్కారం. దసరా సెలవుల్లో పిల్లల్ని తీసుకుని దుబాయ్ పోతున్నాం, మా తమ్ముడు అక్కడే పని చేస్తున్నాడు కాబట్టి ఉండటానికి ఇబ్బంది లేదు. ట్రావెల్ ఏజెంట్ ఇచ్చిన ప్యాకేజీలో డాల్ఫిన్ షో ఉంది, ఇంకొంచెం డబ్బు కడితే పిల్లలు నీళ్లలోకి దిగి డాల్ఫిన్‌ను పట్టుకుని ఫోటో కూడా దిగొచ్చంట. మా చిన్నోడు ఎగిరి గంతేశాడు. ఏడో తరగతి చదివే పాప మాత్రం నేను రానంటే రానంటోంది.

దానికి కారణం ఉంది. రెండేళ్ల కిందట మైపాడు బీచ్‌కి పోయినప్పుడు చచ్చిపోయిన డాల్ఫిన్ ఒకటి ఒడ్డుకు కొట్టుకొచ్చి ఉంది. తోక దగ్గర వల దారం కోసుకుపోయిన గాటు. జనం చుట్టూ చేరి సెల్ఫీలు దిగుతున్నారు, ఒకాయన తన పిల్లాణ్ని దాని మీద కూర్చోబెట్టి మరీ ఫోటో తీశాడు. మా పాప నా చెయ్యి పట్టుకుని, "నాన్నా, అది చచ్చిపోయింది కదా, మరి ఎందుకు నవ్వుతోంది" అని అడిగింది. నాకు ఏం చెప్పాలో తెలీలేదు. ఇంటికొచ్చేదాకా మళ్లీ మాట్లాడలేదు ఆ పిల్ల. ఇప్పుడు ప్యాకేజీ కాగితం మీద డాల్ఫిన్ బొమ్మ చూసి "అదే మొహం" అంది.

అప్పట్నుంచి నాకూ మనసు ఒప్పడం లేదు. ఈ షోల్లో డాల్ఫిన్లు ఎక్కడ్నుంచి వస్తాయి, వాటిని బాగా చూసుకుంటారా, మన దేశంలో ఇలాంటి షోలు ఎందుకు లేవు? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. డబ్బులింకా కట్టలేదు, శనివారం లోపు ఏజెంట్‌కు మాట చెప్పాలి.

ఉలవపాడు_తోట:

అన్నా, నేను కాలేజీలో జువాలజీ చెప్తాను. ముందు పాప అడిగినదానికి జవాబు. డాల్ఫిన్ నవ్వదు. దాని దవడ ఆకారమే అలా పైకి వంగి ఉంటుంది, మనలాగా మొహం కదిలించి బాధో కోపమో చూపించలేదు. ఆకలేసినా, జబ్బు చేసినా, ప్రాణం పోయినా అదే మొహం. మీ పాప ఒడ్డున గమనించింది చాలామంది పెద్దవాళ్లు షో మొత్తం చూసి కూడా గమనించరు.

ఇక ఎక్కడ్నుంచి వస్తాయి అంటే, కొన్ని కొలనుల్లోనే పుట్టినవి, కొన్ని సముద్రంలో పట్టినవి. జపాన్‌లో తైజి అని చిన్న ఊరుంది. ఏటా సెప్టెంబర్ నుంచి మార్చి దాకా అక్కడ బోట్లు వరసకట్టి, నీళ్లలోకి ఇనుప గొట్టాలు దించి పైనుంచి సుత్తులతో మోగిస్తారు. డాల్ఫిన్ చెవితో దారి వెతుక్కునే జంతువు, తను చేసిన శబ్దం దేనికైనా తగిలి తిరిగొచ్చే తీరును బట్టి ముందు ఏముందో తెలుసుకుంటుంది. ఆ మోతకు గుంపు గుంపంతా దిక్కు తెలియక ఒడ్డువైపు పారిపోయి ఒడ్డు మలుపులోని ఇరుకు నీళ్లలో చిక్కుకుంటుంది, వెనకాల వల అడ్డం కట్టేస్తారు. అప్పుడు అక్వేరియంలకు పనికొచ్చేవి, అంటే చిన్న వయసువి, ఒంటి మీద దెబ్బల్లేనివి ఏరుకుంటారు. మిగతావాటిలో చాలావరకు మాంసానికి పోతాయి. ప్రాణంతో అమ్మే ఒక్క డాల్ఫిన్‌కు వచ్చే డబ్బు మాంసం ధరకు ఎన్నో రెట్లు ఎక్కువ. టికెట్‌కూ వేటకూ సంబంధం లేదు అనేవాళ్లకు నేను చెప్పేది ఇదే. 2015లో ప్రపంచ జూల సంఘం గట్టిగా పట్టుబడితే, జపాన్ జూల సంఘం తన సభ్యులెవరూ తైజిలో పట్టినవి కొనకూడదని నిర్ణయం తీసుకుంది. సంఘంలో లేనివాళ్లకు, బయటి దేశాలకు అమ్మకం మాత్రం ఆగలేదు.

మీరు దుబాయ్ అన్నారు కాబట్టి ఇంకో మాట. 2007లో పసిఫిక్ సముద్రంలోని సాలమన్ దీవుల దగ్గర పట్టిన 28 డాల్ఫిన్లను విమానాల్లో దుబాయ్ చేర్చారు. మీ ఏజెంట్‌ను ఒక్కటే అడగండి, ఆ షోలో ఉన్నవి ఎక్కడ పుట్టాయి, వాటికంటే ముందున్నవి ఏమయ్యాయి అని.

మన దేశం సంగతి వేరు. 1990ల చివర్లో చెన్నై దగ్గర ఒక పార్కుకు బల్గేరియా నుంచి డాల్ఫిన్లను తెచ్చారు, కొన్ని నెలలు తిరక్కుండానే చనిపోయాయి. తర్వాత కొచ్చిలోనూ, మహారాష్ట్రలోనూ డాల్ఫిన్ పార్కులు పెడతామని ముందుకొచ్చారు. జంతు ప్రేమికులు పోరాడారు. 2013 మే నెలలో కేంద్ర ప్రభుత్వం దేశంలో ఎక్కడా డాల్ఫినేరియంలకు అనుమతి ఇవ్వొద్దని రాష్ట్రాలన్నిటికీ ఉత్తర్వు పంపింది. అందులో వీటిని మానవేతర వ్యక్తులుగా చూడాలని, వీటికీ సొంత హక్కులు ఉండాలని రాశారు. ప్రభుత్వ కాగితంలో అలాంటి మాట ఉంటుందని నేను అనుకోలేదు, క్లాసులో చదివి వినిపిస్తే పిల్లలు నిశ్శబ్దంగా విన్నారు. మనకు ఇక్కడ చట్టం వద్దన్న దాన్ని అక్కడికి పోయి డబ్బిచ్చి చూడటం ఎందుకన్నా?

ఒంగోలు_బజారు:

నేను కొంచెం వేరేగా చెప్తాను, కోపం తెచ్చుకోవద్దు. మా పిల్లలు సింగపూర్‌లో డాల్ఫిన్లను దగ్గర్నుంచి చూశారు, ఆ తర్వాతే మా అమ్మాయికి సముద్రం మీద ఇష్టం మొదలైంది, ఇప్పుడు బీచ్‌లో ప్లాస్టిక్ కవర్ కనపడితే వంగి తీస్తుంది. జూలో పులిని చూడటం లేదా మనం? తిరుపతి జూకి ఎంతమంది బడి పిల్లలు పోతారు! ఒడ్డున ఉండేవాళ్లకు సరే, అద్దంకి, మార్కాపురం వైపు పిల్లలు డాల్ఫిన్‌ను ఇంకెక్కడ చూస్తారు? తిండి సమయానికి పెడతారు, డాక్టర్ ఉంటాడు, వలల భయం ఉండదు. మీ ప్రయాణంలో ఒక గంట, అంతే కదా. తిమింగలాల వేట కూడా ఎప్పుడో ఆగిపోయింది అంటారు కదా, అంటే లోకం మంచి వైపే పోతోంది.

కందుకూరు_డ్యూటీ:

ఒంగోలు అన్నా, మీ మాట మర్యాదగా ఉంది కాబట్టి నేనూ మర్యాదగానే చెప్తాను. నేను గల్ఫ్‌లో ఆరేళ్లు ఉన్నాను, అందులో పద్నాలుగు నెలలు ఇలాంటి కొలను దగ్గరే క్లీనింగ్ పని. దేశం పేరు, కంపెనీ పేరు చెప్పను.

షో జరిగేటప్పుడు మీరు చూసేది అరగంట. షోకీ షోకీ మధ్య నేను చూసేది మిగతా రోజంతా. వెనకాల చిన్న కొలను ఉంటుంది, మా ఊళ్లో బావి కంటే కొంచెం పెద్దది అనుకోండి. అందులో ఒకటి గోడకు ముక్కు ఆనించి కదలకుండా తేలుతూ ఉండేది. మొదటి రోజు చచ్చిపోయిందేమో అని పరిగెత్తి సూపర్‌వైజర్‌కు చెప్పా, అది అంతే, అలవాటు అన్నాడు. ఇంకొకటి ఒకే వైపు గుండ్రంగా తిరుగుతూ ఉండేది, నేను నేల కడగడం మొదలుపెట్టినప్పుడు తిరుగుతుంటే ముగించినప్పుడు కూడా తిరుగుతూనే ఉండేది. నీళ్లు శుభ్రం చేసే మందు ఎక్కువైన రోజు నా కళ్లే మండేవి, వాటికి ఇరవై నాలుగు గంటలూ అందులోనే. స్పీకర్లు పెట్టగానే పక్కన నిలబడ్డ నాకు గుండె అదిరేది. చెవితో బతికే జంతువు అని ఇప్పుడు ఉలవపాడు మేడమ్ రాసింది చదివాక ఆ స్పీకర్లు గుర్తొచ్చి చాలాసేపు అలాగే కూర్చుండిపోయా.

తిండి సమయానికి పెడతారన్నారు. ఆట ఆడితేనే చేప. ఆడకపోతే ట్రైనర్ బకెట్ పట్టుకుని వెనక్కి తిరిగి వెళ్లిపోతాడు. ఒక రోజు గోడ దగ్గర తేలేది ఆడలేదు, మరుసటి రోజూ ఆడలేదు, వారం తర్వాత నేను డ్యూటీకి వచ్చేసరికి కొలనులో లేదు. ఎవర్నీ అడగలేదు నేను. అడిగే స్థితిలో లేను, వీసా వాళ్ల చేతిలో ఉంది. ఆ అడగకపోవడం ఇప్పటికీ నన్ను పట్టుకునే ఉంది.

పులికీ దీనికీ తేడా నాకు చదువుతో తెలీదు, కళ్లతో చూసింది చెప్పా. ఆ టికెట్ కొనకు అన్నా.

ఉలవపాడు_తోట:

కందుకూరు తమ్ముడూ, రాసినందుకు ధన్యవాదాలు.

ఒంగోలు గారూ, వేట ఆగిపోయింది అన్నారు కాబట్టి అది మాత్రం సరిచేస్తాను. ఇరవయ్యో శతాబ్దంలో దాదాపు 29 లక్షల తిమింగలాలను చంపారు. వ్యాపార వేట ఆపాలని అంతర్జాతీయ తిమింగల వేట కమిషన్ 1982లో నిర్ణయిస్తే 1986 నుంచి అమల్లోకి వచ్చింది, దానివల్లే కొన్ని జాతులు తేరుకున్నాయి, అది నిజం. కానీ నార్వే ఆ నిర్ణయానికి అభ్యంతరం చెప్పి వేటాడుతూనే ఉంది. జపాన్ 2019లో కమిషన్ నుంచే బయటికొచ్చి జులై 1 నుంచి మళ్లీ మొదలుపెట్టింది. డెన్మార్క్ కింద ఉన్న ఫారో దీవుల్లో 2021 సెప్టెంబర్‌లో ఒక్క రోజులో 1,400కి పైగా డాల్ఫిన్లను చంపారు, అక్కడివాళ్లే కొందరు ఇదేం పని అన్నారు. మన వైపు హిందూ మహాసముద్రాన్ని 1979లోనే తిమింగలాల అభయారణ్యంగా ప్రకటించారు. దానికి పదమూడేళ్ల ముందు, 1966లో, సోవియట్ నౌకలు అరేబియా సముద్రంలో 240 దాకా హంప్‌బ్యాక్ తిమింగలాలను చంపాయి. ఆ గుంపు వేరే సముద్రాలకు వలస పోదు. 2000ల తొలినాళ్లలో ఒమన్ తీరంలో లెక్కేస్తే వంద లోపే తేలాయి. ఆడది ఏడాది దాకా మోసి ఒక్క పిల్లను కంటుంది, మళ్లీ కనడానికి రెండు మూడేళ్లు, అలాంటప్పుడు ఎంత కాలానికి తేరుకుంటాయి చెప్పండి.

పులి గురించి కూడా. జూలో పులి బాగుందని నేను అనను, కానీ డాల్ఫిన్ గుంపుతో బతుకుతుంది, ఒక్కోదానికి తనదైన ఈల ఉంటుంది, మనం పేరు పెట్టి పిలిచినట్టు ఒకదాని ఈలను ఇంకొకటి అనుకరించి పిలుస్తుంది. 2018లో కెనడా, అమెరికా సరిహద్దు దగ్గర ఒక ఓర్కా (డాల్ఫిన్ కుటుంబంలోనే పెద్దది, కిల్లర్ వేల్ అంటారు) తల్లి, చచ్చిపోయిన పిల్లను 17 రోజులు ముక్కు మీద మోస్తూ ఈదింది. కందుకూరు తమ్ముడు చెప్పిన కొలనులో ఆ ఈలకు పలికేవాళ్లు ఎవరున్నారు?

జువ్వలదిన్నె_అల:

మా ఇంట్లో అందరూ వేటకు పోయేవాళ్లే, నేను డిగ్రీ చదివి మళ్లీ బోటు మీదికే వచ్చా. వేట అనే మాట మీరందరూ వాడుతుంటే కొంచెం గుచ్చుకుంది, మాకు వేట అంటే చేపల వేట, అన్నం. డాల్ఫిన్‌ను మా వాళ్లు కావాలని చంపరు. గంగమ్మ బిడ్డ అంటుంది మా అవ్వ. పొద్దున్నే కవళ్ల గుంపు వెంట అవి లేస్తూ మునుగుతూ పోతుంటే అటు చేప ఉందని మాకు తెలుస్తుంది, మాకు దారి చూపించేది అవే.

కానీ మైపాడులో పాప చూసిన గాటు మా వలదే అయ్యుంటుంది. దాచను. వంజరం కోసం రాత్రి నైలాన్ వల వేసి తెల్లారి లాగుతాం. అంత సన్నని దారం దాని చెవికి కూడా సరిగా తెలీదు. అది చేప కాదు, గాలి కోసం పైకి రావాల్సిందే, చిక్కుకుంటే పైకి రాలేదు, మేము లాగేసరికి అయిపోయి ఉంటుంది. ఒకసారి ప్రాణంతో దొరికింది. మా మామ వల కోసి వదిలేశాడు. ఆ వల బాగు చేయించడానికి వేలల్లో అయింది, ఎవరూ ఒక్క రూపాయి ఇవ్వలేదు. చచ్చినది దొరికితే గమ్మున సముద్రంలోనే వదిలేసి వస్తాం. వన్యప్రాణి చట్టంలో గట్టి రక్షణ ఉన్న షెడ్యూల్ 1 జంతువు, కనీసం మూడేళ్లు జైలు అంటారు, పొరపాటున చిక్కింది అని చెప్పినా నమ్ముతారా అని భయం. అందుకే ఎన్ని చస్తున్నాయో లెక్కల్లోకి రాదు. నాకు తోచింది చెప్తా. వల కోసి వదిలినవాడికి ఆ నష్టం కట్టిస్తే, చచ్చినది చిక్కిందని చెప్పినవాడి మీద కేసు పెట్టకపోతే, మా తీరంలో ప్రతి బోటూ చెప్తుంది. దుబాయ్ టికెట్ మానేసేవాళ్లు ఈ మాట కూడా నలుగురిలో అడగండి, మేము అడిగితే ఎవరూ వినడం లేదు.

ఇంకొకటి, ఒడ్డున ప్రాణంతో కనపడితే జనం తోక పట్టుకుని లాగుతున్నారు. అలా చేయొచ్చా మేడమ్?

ఉలవపాడు_తోట:

వద్దు తమ్ముడూ, తోక, రెక్కలు పట్టుకుని లాగితే లోపల దెబ్బతింటుంది. తడి గుడ్డ కప్పి నీళ్లు పోస్తూ ఉండాలి, తల మీద ఊపిరి తీసుకునే రంధ్రం మాత్రం మూయకూడదు, అందులోకి నీళ్లూ ఇసకా పోకూడదు. పైన నీడ కట్టి, జనాన్ని దూరంగా ఉంచి, అటవీ శాఖకు ఫోన్ చేయాలి. తొందరపడి సముద్రంలోకి నెడితే సరిపోదు. 2016 జనవరిలో తూత్తుకుడి జిల్లా మణపాడు దగ్గర ఎనభైకి పైగా పైలట్ తిమింగలాలు ఒడ్డెక్కాయి, మత్స్యకారులు రాత్రంతా కష్టపడి లోపలికి లాక్కెళ్లి వదిలితే చాలా మళ్లీ ఒడ్డుకే వచ్చేశాయి, సగానికి పైగా చనిపోయాయి.

మీ మామకు నా నమస్కారం చెప్పు. నష్టపరిహారం గురించి నువ్వు రాసింది అర్జీగా రాసివ్వు, మా కాలేజీ పిల్లలతో సంతకాలు పెట్టించి కలెక్టరేట్‌లో నేను ఇస్తా.

ఒంగోలు_బజారు:

కందుకూరు తమ్ముడు రాసింది మా అమ్మాయికి చదివి వినిపించా. సింగపూర్ ఫోటో ఫ్రేమ్ గోడ మీద నుంచి తనే తీసేసింది. అర్జీ మీద మా ఇంటి నుంచి నాలుగు సంతకాలు.

పెన్నా_ఒడ్డు (నెల్లూరు):

ఏజెంట్‌కు ఫోన్ చేసి షో తీసేయమన్నా. ఎక్కడ పుట్టాయి అని అడిగితే "అవన్నీ మాకు తెలీదు సార్, పిల్లలు ఎంజాయ్ చేస్తారు" అన్నాడు. చిన్నోడు ఒక పూట అలిగాడు. పాప వాడిని పక్కన కూర్చోబెట్టుకుని దవడ బొమ్మ గీసి ఏదో చెప్పింది, తర్వాత వాడే వచ్చి "మన సముద్రంలో నిజంవి ఉన్నాయంట కదా" అన్నాడు. జువ్వలదిన్నె తమ్ముడూ, ప్రాణంతో ఉన్నది ఒక్కసారి చూపించాలని ఉంది, ఎక్కడికి రావాలి?

జువ్వలదిన్నె_అల:

బోటు అక్కర్లేదన్నా. పెన్న సముద్రంలో కలిసే చోట తీరం దగ్గరికే వస్తాయి కొన్నిసార్లు. సంక్రాంతి దాటాక నీళ్లు నిమ్మళంగా ఉన్న రోజు చూసుకుని తెల్లారకముందే రండి, నేనూ వస్తా. కనపడతాయని మాట ఇవ్వలేను, రెండు మూడు పొద్దులు రావాల్సి ఉంటుంది. పాపకు చెప్పండి, ముందు ఊపిరి చప్పుడు వినపడుతుంది, బుస్సుమని, తర్వాతే వీపు కనపడుతుంది.