18వ క్రోమోజోము అంచున, 19వది నడుమ: ఎందుకు?

ప్రశ్న:
మనిషి లింఫోసైట్లలో (ఒక రకం తెల్ల రక్తకణాల్లో) 18వ క్రోమోజోము కేంద్రకపు అంచున, 19వది నడుమ ఉంటాయని 1999లో ఎడిన్‌బరో పరిశోధకులు చూపినట్టు చదివాను. పొడవులో రెంటికీ పెద్ద తేడా లేనప్పుడు ఈ ఎడం ఎందుకు వచ్చింది? దీన్ని నిలబెట్టే ప్రోటీన్లు ఏవో తెలిసినవారు చెప్పగలరు.

మొదటి సమాధానం:
తేడా జన్యువుల సాంద్రతలో ఉంది. ప్రోటీన్లకు సంకేతమిచ్చే జన్యువులు 19వ దానిలో దాదాపు 1,400 ఉంటే, 18వ దానిలో 300 కూడా లేవు. జన్యువులు పలచగా ఉన్న భాగాల్లో డీఎన్ఏ చుట్టుకొని ఉండే హెచ్3 హిస్టోన్ ప్రోటీనులో 9వ అమైనో ఆమ్లమైన లైసీన్‌పై, జన్యువులను నిద్రాణంగా ఉంచే మిథైల్ గుర్తులు ఎక్కువగా చేరతాయి. కేంద్రక త్వచానికి లోపలివైపు అస్తరులా పరుచుకున్న లామిన్ ప్రోటీన్లూ, త్వచంలోనే నాటుకొని ఉండే లామిన్-బి గ్రాహకమూ అటువంటి క్రొమాటిన్‌ను (డీఎన్ఏ, హిస్టోన్ల కలయికను) అంచుకు పట్టి ఉంచుతాయి.

రెండవ సమాధానం:
అంచు సంగతి అది. ఒక్కొక్క క్రోమోజోము లోపలి మడతల్లో కొహెసిన్ పాత్ర పెద్దది. ఉంగరం వంటి ఈ ప్రోటీను డీఎన్ఏ పోగును తనలోంచి లాగుతూ ఉచ్చును పెంచుకుంటూ పోయి, ఎదురెదురుగా ఉన్న రెండు సీటీసీఎఫ్ (డీఎన్ఏను అంటిపెట్టుకునే ఒక ప్రోటీను) అణువులు అడ్డుపడినచోట ఆగుతుంది. 2017లో పెద్దపేగు క్యాన్సర్ కణాల్లో కొహెసిన్‌ను ఉన్నపళంగా తొలగించి చూస్తే ఆ ఉచ్చులు మాయమయ్యాయి గాని, చురుకైన భాగాలూ నిద్రాణ భాగాలూ వేరుపడి ఉండడం చెడలేదు, జన్యువుల వ్యక్తీకరణ కూడా కొద్దిగానే మారింది. ఆకృతి మారితే పని మారినట్టేనని తేల్చే వ్యాసాలను నేను అందుకే కొంత అనుమానంతో చదువుతాను.

ప్రశ్న అడిగినవారు:
మరి లామిన్ చెడితే అంచున ఉన్న క్రొమాటిన్ ఏమవుతుంది?

మొదటి సమాధానమిచ్చినవారు:
పిల్లలకు అకాల వార్ధక్యం తెచ్చే ప్రొజీరియా వ్యాధిలో జరిగేది అదే. లామిన్-ఎకు సంకేతమిచ్చే ఎల్ఎంఎన్ఏ జన్యువులో 1824వ అక్షరం సి బదులు టి అవుతుందని 2003లో తేలింది. విచిత్రమేమంటే, దానితో అమైనో ఆమ్లం మారదు. గ్లైసీన్ గ్లైసీన్‌గానే ఉంటుంది. అయితే ఆర్ఎన్ఏను కత్తిరించి అతికేటప్పుడు కత్తెర తప్పుచోట పడి, 50 అమైనో ఆమ్లాలు లోపించిన లామిన్-ఎ, అంటే ప్రొజెరిన్, తయారవుతుంది. మామూలు లామిన్-ఎకు మొదట తగిలిన కొవ్వుతోక తరువాత తెగిపోతుంది. ప్రొజెరిన్‌లో ఆ తెగే చోటే లేదు కనుక అది త్వచానికి అతుక్కొనే ఉండిపోతుంది. సూక్ష్మదర్శిని కింద నున్నగా, కోడిగుడ్డులా కనిపించవలసిన కేంద్రకం బుడిపెలు లేచి, నొక్కులు పడి ఉంటుంది. 9వ లైసీన్‌పై మిథైల్ గుర్తులు తగ్గి, అంచున బిగిసి ఉండవలసిన క్రొమాటిన్ సడలుతుంది. ఆ కొవ్వుతోక అసలు తగలకుండా అడ్డుకునే లోనాఫార్నిబ్ మందుకు 2020లో అమెరికాలో అనుమతి లభించింది.