జార్జ్‌టౌన్‌ (గయానా)లో ఉద్యోగం: నెలకు 3,000 డాలర్లు, కుటుంబంతో వెళ్ళొచ్చా?

రావిచెట్టు_నీడ:
అందరికీ నమస్కారం. గయానా రాజధాని జార్జ్‌టౌన్‌లో ఒక ఆయిల్ సర్వీసుల కాంట్రాక్టరు దగ్గర పైపింగ్ ఇన్‌స్పెక్టర్‌గా ఆఫర్ వచ్చింది. జీతం నెలకు 3,000 అమెరికన్ డాలర్లు. లెటర్‌లో ఇంటి గురించి ‘అకామడేషన్ ప్రొవైడెడ్’ అని ఒక్క ముక్క రాశారు, అంతే. ప్రస్తుతం దహేజ్‌లో చేస్తున్నాను. మా ఆవిడనీ, ఐదేళ్ళ పాపనీ కూడా తీసుకెళ్ళాలని ఉంది. యూట్యూబ్‌లో ఒకాయన స్వర్గం అంటాడు, ఇంకొకాయన గడప దాటొద్దంటాడు. అక్కడున్నవాళ్ళు ఖర్చులూ, భద్రతా ఎలా ఉంటాయో చెప్పండి.

కాకినాడ_కెరటం:
శుభ్రంగా రండి సార్. నేను కుటుంబంతో ఇక్కడే ఉంటున్నాను. 2015లో సముద్రంలో చమురు దొరికింది, 2019 డిసెంబర్‌లో తీయడం మొదలుపెట్టారు. అప్పట్నుంచి ఊరు ఊరంతా కట్టుబడే. పని ఉంటుంది, జీతం సమయానికి పడుతుంది. ఇక్కడి డాలర్లు సుమారు 209 అయితే ఒక అమెరికన్ డాలర్, ఏళ్ళుగా అక్కడక్కడే ఉంది. బియ్యం, పంచదార ఇక్కడే పండుతాయి. బూర్డా మార్కెట్‌కి వెళ్తే బెండ, వంగ, కాకర, గుమ్మడి అన్నీ దొరుకుతాయి. అలసందల్ని ‘బోరా’ అంటారు, కట్టలు కట్టి అమ్ముతారు. అందరూ ఇంగ్లీషే. జనంలో దాదాపు 40 శాతం మనవాళ్ళ సంతతే, ఫగ్వా (మన హోళీ), దీపావళి ప్రభుత్వ సెలవులు. తుపాన్ల భయం కూడా లేదు, హరికేన్లు ఇంత దక్షిణానికి రావు. ఇంకేం కావాలి?

పలనాడు_సీమిరప:
ఏం కావాలా? రాత్రి ఏడు తర్వాత రోడ్డు మీద నడిచే స్వేచ్ఛ కావాలి. నేనూ అక్కడ చేసి వచ్చినవాణ్ణే. స్టాబ్రోక్ మార్కెట్ దగ్గర మినీబస్సు దిగి పది అడుగులు వేశానో లేదో, వెనకనుంచి ఒకడు మెడ చుట్టూ చెయ్యేసి బిగించాడు. ఇంకొకడు జేబులు ఖాళీ చేశాడు. అక్కడ దీనికి పేరు కూడా ఉంది, ‘చోక్ అండ్ రాబ్’ అంటారు. ఫోను, పర్సు, వర్క్ పర్మిట్ కాపీ, అన్నీ పోయాయి. రావిచెట్టు గారూ, పాపని మాత్రం తీసుకెళ్ళకండి.

బావిగట్టు:
గయానా దక్షిణ అమెరికాలో కదా ఉంది? కరీబియన్ విభాగంలో పెట్టారేంటి ఈ పోస్టు?

కాకినాడ_కెరటం:
బావిగట్టు గారూ, కరీబియన్ దేశాల కూటమి కారికామ్ ప్రధాన కార్యాలయమే జార్జ్‌టౌన్‌లో ఉంది. గయానా క్రికెటర్లు క్లైవ్ లాయిడ్, చందర్‌పాల్ ఏ జట్టుకి ఆడారో గుర్తు తెచ్చుకోండి, వెస్టిండీస్‌కే కదా.
పలనాడు గారూ, మీకు జరిగింది బాధాకరమే, కాదనను. కానీ స్టాబ్రోక్ దగ్గర చీకటి పడ్డాక ఫోను చేతిలో పట్టుకుని దిగితే ఏ ఊళ్ళోనైనా అంతే. కోఠీలో పోదా? విజయవాడ బస్టాండులో పోదా?

పలనాడు_సీమిరప:
ఫోను చేతిలో లేదండీ, జేబులో ఉంది. మెడ బిగించాడని రాశాను, అది చదవలేదా? కోఠీలో జేబు కొడతారు, మెడ పట్టుకోరు.

కాకినాడ_కెరటం:
జేబులోనే అనుకుందాం. అసలు స్టాబ్రోక్‌లో ఎందుకు దిగారన్నది నా ప్రశ్న. 42 ఎక్కితే ఎయిర్‌పోర్టు దారి, 44 ఎక్కితే ఈస్ట్ కోస్ట్. ఏ బస్సైనా ఆ మార్కెట్ చుట్టుపక్కలే మొదలవుతుంది, కాబట్టి జేబుదొంగలంతా అక్కడే. ఈ సంగతి దిగిన వారానికే అందరికీ తెలుస్తుంది. సాయంత్రం అయితే ట్యాక్సీ ఎక్కాలి. పసుపు రంగు, నంబరు ప్లేటు మీద ‘హెచ్’ ఉందో లేదో చూసుకుని, తెలిసిన సర్వీసుకి ఫోన్ చేసి పిలిపించుకోవాలి. రోడ్డు మీద చెయ్యి ఊపి ఆపకూడదు.

పలనాడు_సీమిరప:
రోజూ ట్యాక్సీకి డబ్బు ఎవరిస్తారు? మీరా?

కరీంనగర్_పోరడు:
అన్నా, మిక్సీ తీస్కపోతే నడుస్తదా ఆడ?

డెమెరారా_అక్క:
తమ్ముడూ, మన 230 వోల్టుల మిక్సీ నేరుగా పనిచెయ్యదు. జార్జ్‌టౌన్‌లో ఎక్కువ ఇళ్ళలో వచ్చేది 110 వోల్టులే. కొన్ని ఇళ్ళలో రెండూ ఉంటాయి, ఏ ప్లగ్గులో ఏది వస్తుందో ఇంటివాళ్ళని అడగకుండా పెట్టొద్దు. నేను ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాను, అది మిక్సీకంటే బరువు.

రావిచెట్టు గారికి: నేను క్యాంప్‌బెల్‌విల్‌లో ఉంటాను, బాబు బడికి వెళ్తున్నాడు. ఈ మగవాళ్ళిద్దరూ మార్కెట్ దగ్గరే ఆగిపోయారు కాబట్టి ఇంటి సంగతి నేను చెప్తాను. కుళాయి నీళ్ళలో ఇనుము ఎక్కువ, తెల్లబట్టలు ఉతికితే టీ రంగుకి వస్తాయి. తాగడానికి పెద్ద బాటిళ్ళు కొనాల్సిందే. కరెంటు పోతుంది. 2024లో తేలే విద్యుత్ ఓడని అద్దెకి తెచ్చారు, అయినా మా వీధిలో పోతూనే ఉంది. ఇన్వర్టరో జనరేటరో ఉన్న ఇల్లు వెతుక్కోండి, అద్దెలో ఆ తేడా ఉంటుంది. ఊరు పోటు సమయంలో సముద్రం మట్టంకంటే కిందికి ఉంటుంది. పోటు తగ్గినప్పుడు కోకర్ల (కాలువల చివర కట్టిన తూముల) తలుపులెత్తి నీళ్ళు సముద్రంలోకి వదులుతారు. పెద్ద వానా పోటూ ఒకేసారి వస్తే వీధి చెరువే. 2005 జనవరి వరద గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. అందుకే కింద అంతస్తు ఇల్లు తీసుకోకండి. ఇక్కడి పాత కొయ్య ఇళ్ళు స్తంభాల మీద కట్టింది ఊరికే కాదు. దోమలు విపరీతం, డెంగీ ఉంది. మినప్పప్పు, చింతపండు, ఇంగువ సూట్‌కేసులో వెయ్యండి. కందిపప్పుకి బదులు పసుపు బఠాణీ పప్పు అలవాటవుతుంది.

అద్దంకి_అబ్బాయి:
మొత్తానికి బఠాణీ పప్పు చారు తినడానికి డాలర్లలో జీతమా 😂

బావిగట్టు:
నేనొక మాట అడుగుతాను, తప్పుగా అనుకోకండి. అక్కడ నల్లవాళ్ళు ఎక్కువా, మనవాళ్ళు ఎక్కువా? దాన్నిబట్టే కదా సేఫ్టీ.

డెమెరారా_అక్క:
తప్పుగానే అనుకుంటున్నాను. మా కింది వాటాలో ఉండే ఆఫ్రో-గయనీస్ పెద్దావిడ రోజూ గేటుకి తాళం వేశానో లేదో చూసి పడుకుంటుంది. మా వారికి డెంగీ వచ్చినప్పుడు రాత్రి ఆసుపత్రికి తీసుకెళ్ళింది ఆవిడ కొడుకే. మా ఆయన కంపెనీ సరుకు పట్టుకుపోయినవాడు ‘మనవాడే’. దీన్నిబట్టి ఇల్లు వెతుక్కుంటారా మీరు?

బావిగట్టు:
ఊరికే అడిగానమ్మా.

కాకినాడ_కెరటం:
అక్క చెప్పినవన్నీ నిజమే, కానీ ఇవి ఎక్కడికెళ్ళినా ఉండే ఇబ్బందులు. ఇక్కడికి మనవాళ్ళు ఈరోజు రావడం లేదు. 1838 మే 5న హెస్పరస్, విట్‌బీ ఓడలు కలకత్తా నుంచి మొదటి కూలీల్ని దించాయి, 1845 నుంచి మద్రాసు నుంచి కూడా వచ్చాయి. ఆ మద్రాసు ఓడల్లో తెలుగువాళ్ళూ ఉన్నారు. ‘మద్రాసీ’ గుళ్ళలో కాళీమాయి పూజ ఇప్పటికీ వేపమండలతో చేస్తారు, వెళ్ళి చూడండి. వాళ్ళు చెరకు తోటల్లో బతికి బట్టకట్టారు. మనం ఏసీ క్యాబిన్‌లో బతకలేమా?

పలనాడు_సీమిరప:
ఇప్పుడు నన్ను చెరకు కూలీతో పోలుస్తున్నారా? పోల్చండి, పోలిక బాగానే ఉంది. వాళ్ళనీ ‘ఇల్లు మేమే ఇస్తాం’ అనే తీసుకెళ్ళారు.

కాకినాడ_కెరటం:
మీ వ్యంగ్యం నాకు అర్థం కాలేదు.

పలనాడు_సీమిరప:
అర్థమయ్యేలా చెప్తాను. నా లెటర్‌లోనూ ఇదే ‘అకామడేషన్ ప్రొవైడెడ్’. దిగాక చూస్తే కింద అంతస్తులో మూడు గదుల ఇల్లు, ఎనిమిదిమందిమి. కిటికీకి గ్రిల్ ఉంది, వెనక తలుపుకి లేదు. కంపెనీ బండి సాయంత్రం ఆరుకి చివరి ట్రిప్పు, ఓవర్‌టైమ్ చేసినవాడు తనే రావాలి. అందుకే మినీబస్సు. అందుకే స్టాబ్రోక్. ‘ఎందుకు దిగారు’ అని ఇందాకట్నుంచీ అడుగుతున్నారుగా, ఇందుకు. ఆ దొంగ మీద నాకు అంత కోపం లేదు.

రావిచెట్టు_నీడ:
మీ కంపెనీ పేరు చెప్పగలరా? నాదీ అదేనేమో.

పలనాడు_సీమిరప:
ఇక్కడ రాయను, కేసు పెడతామని ఒకసారి బెదిరించారు. మీ ఆఫర్ ఎవరిదైనా అడగాల్సినవి అవే.

కాకినాడ_కెరటం:
ఒక్క విషయం. చమురు వచ్చాక ఇక్కడ అద్దెలు రెండు రకాలు. లోకల్‌గా ఇచ్చే చిన్న వాటా లక్ష, లక్షన్నర గయానా డాలర్లలో ఇప్పటికీ దొరుకుతుంది. బెల్ ఎయిర్ వైపు గేటు, గార్డు, జనరేటర్ ఉన్నవి అమెరికన్ డాలర్లలోనే చెప్తారు, 1,500 నుంచి మొదలు. ప్రతి ఉద్యోగికీ అలాంటి ఇల్లు ఇస్తే ఏ కాంట్రాక్టరుకీ టెండరు రాదు. షేరింగ్ ఇస్తే ఉద్యోగికే డబ్బు మిగులుతుంది. మేం లెక్క వేసే ఇస్తాం.

డెమెరారా_అక్క:
‘మేం’ అన్నారు. ఎవరు మీరంతా?

కాకినాడ_కెరటం:
నేను క్యాంప్ అడ్మిన్ చూస్తాను. అందులో దాచిందేముంది?

పలనాడు_సీమిరప:
అదీ సంగతి! ఇంతసేపూ నాకు జాగ్రత్తలు చెప్తున్నది ఇల్లు ఇచ్చేవాడన్నమాట. మీ ఇల్లెక్కడ సార్? గేటు ఉందా? గార్డు ఉన్నాడా? అద్దె కంపెనీదేనా?

కాకినాడ_కెరటం:
నాది సీనియర్ గ్రేడు. గ్రేడుని బట్టి ఇల్లు. ఇండియాలో ప్రాజెక్టు సైట్లలో ఇలా ఉండదా? మీరు అక్కడ ఎనిమిదిమందితో గదిలో పడుకోలేదా?

పలనాడు_సీమిరప:
పడుకున్నాను. కానీ అక్కడ రాత్రి పదకొండింటికి బజ్జీలు తిని నడిచొచ్చేవాణ్ణి. గ్రేడుని బట్టి మంచం ఇవ్వండి, ఒప్పుకుంటా. గ్రేడుని బట్టి వెనక తలుపుకి గ్రిల్ పెడతారా?

అద్దంకి_అబ్బాయి:
కెరటం గారు ఆన్‌లైన్‌లోనే ఉన్నారు, జవాబు మాత్రం లేదు.

కాకినాడ_కెరటం:
ఉన్నాను. గ్రిల్ మాట మా మేనేజ్‌మెంటుకి రాసింది నేనే, బడ్జెట్ కొట్టేసింది వాళ్ళు. నన్ను అడిగి లాభం లేదు. అయినా ఒక్కరికి జరిగినదాన్ని పట్టుకుని దేశాన్ని పాడుచెయ్యకండి. ఇక్కడ ప్రైవేటు రంగంలో కనీస వేతనం 2022లో నెలకి 60,147 గయానా డాలర్లు చేశారు. పక్కన చమురు డబ్బు పారుతుంటే ఆ జీతంతో లక్ష అద్దె కట్టలేనివాడు ఏం చేస్తాడు? అది కూడా ఆలోచించండి.

పలనాడు_సీమిరప:
అది ఆలోచించే, దొంగ మీద కోపం లేదని రాశాను.

డెమెరారా_అక్క:
రావిచెట్టు గారూ, వాళ్ళు కొట్టుకోనివ్వండి, మీరు లెక్క చూసుకోండి. ముందు 3,000 చేతికా, పన్నుకి ముందా అడగండి. 2025లో ఇక్కడ ఆదాయ పన్ను 28 నుంచి 25కి, పై శ్లాబు 40 నుంచి 35 శాతానికి తగ్గించారు, తగ్గినా చిన్నది కాదు. పైగా ఎన్.ఐ.ఎస్. (జాతీయ బీమా పథకం) కోత 5.6 శాతం. కుటుంబంతో అయితే మంచి ఇల్లు, ప్రైవేటు బడి, నీళ్ళు, ట్యాక్సీ అన్నీ మీ జేబులోంచే అయితే ఏమీ మిగలదు. కంపెనీ ఇల్లు షేరింగ్ అయితే కుటుంబం అసలు కుదరదు. ఇంకోటి, అమెరికా మీదుగా టికెట్ వేస్తే ఎయిర్‌పోర్టులో మారడానికైనా అమెరికా వీసా కావాలి, పాపకీ కావాలి.

కరీంనగర్_పోరడు:
వెనిజులా లొల్లి ఏమాయె అక్కా? 2023ల వాళ్ళు ఓట్లు పెట్టిండ్రు గద, ఎస్సెకిబో మాదే అని.

డెమెరారా_అక్క:
గయానాలో మూడింట రెండొంతులు ఆ ప్రాంతమే, కేసు అంతర్జాతీయ న్యాయస్థానంలో ఉంది. జార్జ్‌టౌన్‌లో రోజువారీ బతుకులో కనపడదు. కనపడేది వలస వచ్చిన వెనిజులా పిల్లలు, సిగ్నళ్ళ దగ్గర.

రావిచెట్టు_నీడ:
అందరికీ థాంక్స్. హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టాను: ఇల్లు ఏ పేటలో, ఏ అంతస్తు, ఎంతమంది, చివరి బండి ఎన్నింటికి, జీతం చేతికెంత. ఇప్పుడే జవాబు వచ్చింది. ‘షేర్డ్ అపార్ట్‌మెంట్, ప్రొబేషన్ ఆరు నెలలు, తర్వాత కుటుంబ వసతి పరిశీలిస్తాం.’ బండి సంగతి, పేట సంగతి రాయలేదు.

పలనాడు_సీమిరప:
రాయరు.

కాకినాడ_కెరటం:
మళ్ళీ అడగండి సార్, లెటర్‌లోనే రాయించుకోండి. సంతకం పెట్టేదాకే ఆ బలం మీది. ముందు ఒక్కరే రండి, ఇల్లు చూసుకుని తర్వాత వాళ్ళని పిలిపించుకోండి.

పలనాడు_సీమిరప:
ఇది మొదటి మెసేజ్‌లోనే రాసుంటే మనకిన్ని మాటలు ఉండేవి కావు.

కాకినాడ_కెరటం:
మీరు మొదటి మెసేజ్‌లోనే కంపెనీ ఇల్లు అని రాసుంటే నేనూ స్టాబ్రోక్ అనేవాణ్ణి కాదు.

కరీంనగర్_పోరడు:
అక్కా, ట్రాన్స్‌ఫార్మర్ ఎన్ని వాట్లది కొన్నవ్?