పాత ఉర్దూ తీర్పులో మా తాత ‘ముద్దయీ’నట!

మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. పాత సందూకులో నల్లగొండ మున్సిఫ్ కోర్టు తీర్పు నకలు ఒకటి దొరికింది. భూమి తగాదా, 1350 ఫసలీ, అంతా ఉర్దూ. చదివించుకుంటే తాత పేరు పక్కన ‘ముద్దయీ’ అని ఉందన్నారు. ఇంట్లో ఒకటే టెన్షన్. తాత ముద్దాయి ఎట్లయిండు?

జవాబు, పాలమూరు నుంచి:
పరేషాన్ కాకండి అన్నా. దావా వేసిందే మీ తాత. ఉర్దూలో ముద్దయీ అంటే వాది. దావా, ముద్దయీ రెండూ ఒకే అరబ్బీ ధాతువులోంచి వచ్చినవి. ఎవరి మీద దావా వేశారో ఆయన ‘ముద్దాఅలై’. నకలులో అవతలి పేరు దగ్గర ఆ మాట ఉండాలి, చూడండి. 1350 ఫసలీ అంటే 1940-41. అప్పుడు నిజాం కోర్టుల్లో రాతకోతలన్నీ ఉర్దూలోనే. మన ముద్దాయి ఈ ముద్దాఅలై నోట్లో నలిగి పుట్టిందేమోనని నా అనుమానం. ‘దా’కు దీర్ఘం అందులోనే ఉంది మరి. ఉర్దూలో ఒక సామెత ఉంది: ‘ముద్దయీ సుస్త్, గవాహ్ చుస్త్’. కేసు వేసినోడు బద్ధకంగా ఉంటే సాక్షి హుషారు పడుతున్నాడని ఎత్తిపొడుపు. తెలుగు ముద్దాయిని పెట్టి చదివితే ఇందులో చమత్కారమే ఉండదు.

జవాబు, నల్లగొండ నుంచి:
తెలుగులో ముద్దాయి క్రిమినల్ కేసుకే చెల్లుతుంది. సివిల్‌లో వాది, ప్రతివాది. పత్రికలు నిందితుడు అంటాయి, నేరం రుజువైతేనే దోషి. ఫిర్యాదిని వాది అనుకోవడం కూడా తప్పే. పోలీసు కేసును నడిపేది సర్కారు, వాదించేది ప్రాసిక్యూటర్. ఫిర్యాది మామూలుగా పిడబ్ల్యూ-1, అంటే మొదటి సాక్షి. కోర్టు కాయితాల్లో సాక్షి అనే రాస్తారు గానీ, మా ఊళ్లల్లో పెద్దోళ్లకు ఇప్పటికీ గవాయే. లాయరు వకీలు సాబ్, వాయిదా పేషీ, బెయిలు జమానతు. ప్లీడరు అనే మాట కోస్తావాళ్ల నోట విన్నదే.

మళ్లీ అడిగినాయనే:
చూసిన. అవతలి పేరు దగ్గర ముద్దాఅలై అనే ఉందట. ఆ పేరు మా అమ్మ వాళ్ల తాతది. ఇంట్లో ఇప్పుడు ఇంకో పంచాయితీ మొదలైంది.