1905 న్యూయార్క్ వలసవాడలో మహిళా డిటెక్టివ్: నా కథలో లొసుగులు చెప్పండి

ప్రశ్న (కుట్టుసూది)

తెలుగులో ఒక చారిత్రక డిటెక్టివ్ నవల రాస్తున్నాను. చోటు న్యూయార్క్ లోయర్ ఈస్ట్ సైడ్, ఏడాది 1905. కథానాయిక రోసా సిసిలీ నుంచి వచ్చిన వితంతువు, ఇంట్లోనే కుట్టుపని చేస్తుంది. పక్క వాటాలో అద్దెకున్న ఒకతను రాత్రి గ్యాస్ పీల్చి చనిపోతాడు. పోలీసులు ఆత్మహత్య అని తేల్చేస్తారు. కథ మూడు మలుపుల మీద నడుస్తుంది. ఒకటి, వలస వచ్చినవాళ్లను తనిఖీ చేసే ఎల్లిస్ ఐలాండ్‌లో గుమస్తా అతని పేరు మార్చి రాశాడు కాబట్టి అసలు మనిషెవరో ఎవరికీ తెలియదు. రెండు, గాజు గ్లాసు మీద వేలిముద్రలు హంతకుణ్ణి పట్టిస్తాయి. మూడు, చివర్లో రోసాకు డిటెక్టివ్ ఉద్యోగం వస్తుంది. ఇవి నిలుస్తాయా?

జవాబు 1 (రేవుగట్టు)

మొదటిది నిలవదు. ఎల్లిస్ ఐలాండ్‌లో పేర్లు మార్చేశారన్నది బాగా పాకిపోయిన కట్టుకథ. ప్రయాణికుల జాబితా ఓడ ఎక్కిన రేవులోనే, పాలెర్మోలోనో నేపుల్స్‌లోనో, ఓడ కంపెనీవాళ్లు రాసేవారు. ఇక్కడి ఇన్‌స్పెక్టర్ ఆ కాగితం ముందు పెట్టుకుని, పక్కన దుబాసీని పెట్టుకుని, అందులో ఉన్నదాన్నే సరిచూసేవాడు. పేర్లు మారింది ఆ తర్వాత: బడిలో, పనిలో, ఎక్కువసార్లు వాళ్లంతట వాళ్లే మార్చుకున్నారు.

ఆ జాబితాలోనే మీకు పెద్ద ఆధారం ఉంది. 1893 చట్టం నుంచి టికెట్ డబ్బు ఎవరు కట్టారు, ఎవరి దగ్గరికి వెళుతున్నారు, ఆ బంధువు చిరునామా ఏమిటి అని కూడా రాయాల్సి వచ్చింది. అమెరికాలో ఉన్నవాళ్లు ముందే డబ్బు కట్టి పంపిన టికెట్ మీద వేరే మనిషి వచ్చాడనుకోండి, పేరు మార్పు దానంతట అదే కుదురుతుంది, గుమస్తా మీద నెపం అక్కర్లేదు. ఇంకొకటి: ఇటలీ ఓడల జాబితాల్లో పెళ్లైన ఆడవాళ్లు పుట్టింటి ఇంటిపేరుతోనే ఉంటారు. భార్యను భర్త ఇంటిపేరుతో వెతికే అమెరికన్ పోలీసుకు ఆమె దొరకదు. రోసాకు దొరుకుతుంది.

ఒక జాగ్రత్త. "నాకు ఫలానా చోట పని ఖాయమైంది" అని అక్కడ ఏ పాత్ర చేతా అనిపించకండి. 1885 చట్టం ప్రకారం ముందే పని ఒప్పుకుని వచ్చినవాణ్ణి వెనక్కి పంపేస్తారు. అందుకే అందరూ ఆ ప్రశ్నకు అబద్ధమే చెప్పేవారు. అలాగే ఒంటరిగా వచ్చిన ఆడమనిషిని బంధువు రాకుండానో, కబురు అందకుండానో బయటికి వదిలేవారు కాదు. రోసా ఎలా బయటపడిందో ఒక పేరాలోనైనా చెప్పాలి. ఆమె 1897 జూన్‌కూ 1900 డిసెంబరుకూ మధ్య వచ్చి ఉంటే అసలు ఎల్లిస్ ఐలాండే వద్దు. అక్కడి చెక్క కట్టడాలు కాలిపోయాయి, ఆ కాలంలో తనిఖీ మన్‌హట్టన్ దక్షిణ కొసన బ్యాటరీ అనే చోట ఉన్న బార్జ్ ఆఫీసులో జరిగింది.

జవాబు 2 (లాంతరు)

వేలిముద్రలు తీసేయండి. న్యూయార్క్ పోలీసులు వాటిని మొదలుపెట్టింది 1906లో, అదీ పట్టుబడినవాళ్లను గుర్తించడానికి. 1905లో గ్లాసు మీది ముద్ర చూపిస్తే స్టేషన్లో నవ్వుతారు.

ఉద్యోగం కూడా కుదరదు. స్టేషన్లలో మేట్రన్లు 1891 నుంచి ఉన్నారు కానీ వాళ్ల పని పట్టుబడిన ఆడవాళ్లనూ పిల్లలనూ చూసుకోవడం. మేట్రన్‌గా చేరిన ఇసబెల్లా గుడ్విన్‌కు డిటెక్టివ్ హోదా వచ్చింది 1912లో. రోసాను బయటి మనిషిగానే ఉంచండి, కథకు అదే బలం. వాడలో సిసిలియన్ మాట తెలిసిన పోలీసులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. ఇటాలియన్ల నేరాల కోసం పోలీసు అధికారి జోసెఫ్ పెట్రోసినో నడిపిన ఇటాలియన్ స్క్వాడ్ 1904లో మొదలైంది, గుప్పెడు మందితోనే.

భాష దగ్గర ఇంకాస్త లోతుకు వెళ్లండి. ఎలిజబెత్ స్ట్రీట్ సిసిలీవాళ్లది, పక్కనే మల్బరీ స్ట్రీట్ ఎక్కువగా నేపుల్స్ వాళ్లది. వాళ్ల మాటల మధ్య తేడా మన శ్రీకాకుళం మాటకూ కడప మాటకూ ఉన్న తేడా కంటే ఎక్కువే. గోడవతల అరిచిన గొంతు ఏ ఊరిదో రోసా చెవి పట్టేస్తుంది, దుబాసీ పట్టలేడు.

శవపరీక్ష సంగతి: 1918 దాకా న్యూయార్క్‌లో కరోనర్, అంటే అనుమానాస్పద చావులకు కారణం తేల్చే అధికారి, ఎన్నికల్లో గెలిచినవాడు, డాక్టరే కావాలన్న నియమం లేదు. కేసు తొందరగా మూసేయడానికి అంతకంటే వేరే కుట్ర అక్కర్లేదు.

జవాబు 3 (గాలిగొట్టం)

గ్యాస్ చావు సంగతి ఎవరూ ఎత్తలేదు, అసలు ముడి అక్కడే ఉంది. ఆ ఇళ్లలో నాణెం మీటర్లు ఉండేవి, పావు డాలరు వేస్తే అంత గ్యాస్ వచ్చేది. దీపం వెలిగించి నిద్రపోతారు, వేసిన డబ్బు అయిపోయి మంట ఆరుతుంది, దీపం కుళాయి మాత్రం తెరిచే ఉంటుంది. తర్వాత ఇంకెవరో వంటింటి మీటర్లో నాణెం వేస్తే లోపలి గదిలోకి మంట లేని గ్యాస్ వస్తుంది. చూసేవాళ్లకు ప్రమాదమో ఆత్మహత్యో అనిపిస్తుంది.

లెక్క చూసుకోండి. ధర వెయ్యి ఘనపుటడుగులకు సుమారు డాలరు, అంటే పావు డాలరుకు 250. ఒక బర్నర్ గంటకు 5 ఘనపుటడుగులు కాలుస్తుంది. ఒక్క దీపమే అయితే 50 గంటలు వస్తుంది, కాబట్టి సరిగ్గా ఆ రాత్రే అయిపోవడం నమ్మేలా ఉండదు. వంట పొయ్యి కూడా దాని మీదే నడుస్తోందని ముందే చెప్పి ఉంచండి. లేదా హంతకుడు మీటర్ దగ్గర కుళాయి మూసి మళ్లీ తెరిచాడనండి. అప్పుడు కొత్త నాణెం పడదు. డబ్బాలో పావులాలు లెక్కపెడితే మామూలు వాడకానికి తగ్గట్టే ఉంటాయి, డబ్బు అయిపోయి మంట ఆరిందన్న మాట నిలవదు. గ్యాస్ కంపెనీ మనిషి వచ్చి డబ్బా ఖాళీ చేసేలోగా రోసా అది చూడాలి.

గది: 1879 చట్టం నాటి డంబెల్ ఇళ్లలో (నడుమ సన్నబడిన అద్దె ఇళ్లు) లోపలి గది సుమారు 7 అడుగులు ఇంటూ 8½. ఆనాటి గ్యాస్‌లో మూడో వంతు దాకా కార్బన్ మోనాక్సైడ్ ఉండేది. అంత ఇరుకు గదిలో తలుపు మూసి ఉంటే రాత్రంతా అక్కర్లేదు. కానీ గాలిగొట్టం (ఇళ్ల మధ్య గాలి కోసం వదిలిన ఇరుకు సందు) వైపు కిటికీ తెరిచి ఉంటే మీ హత్య చెడుతుంది. చలికాలం పెట్టుకోండి, కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కి ఉంటాయి. అవి ముందే ఉన్నాయా, ఆ రాత్రే కొత్తగా కుక్కారా అన్నది కుట్టుపని మనిషి గుడ్డను చూసి చెప్పగలదు.

గాలిగొట్టం మాటలను పై అంతస్తు దాకా మోస్తుంది, మనుషులను చూపించదు. అందుకని విన్న సాక్షులు ఎంతమందినైనా పెట్టండి, చూసిన సాక్షి ఒక్కరూ వద్దు. ఇళ్ల కప్పులు ఆనుకుని ఉంటాయి కాబట్టి మెట్లు దిగకుండానే పక్క ఇంట్లోకి పోవచ్చు. ఇళ్లకు వెళ్లి రోగులను చూసే హెన్రీ స్ట్రీట్ నర్సులు అలాగే తిరిగేవారు.

కుట్టుసూది

అందరికీ దండాలు. పాత్రల చిరునామాలు నమ్మేలా ఉండాలంటే ఏది చూడాలి?

జవాబు 4 (రేవుగట్టు)

1905 జూన్ 1 నాటి న్యూయార్క్ రాష్ట్ర జనగణన. వీధి, ఇంటి నంబరు, అమెరికా వచ్చి ఎన్నేళ్లైంది, చేసే పని, అన్నీ ఉంటాయి. మీ ఏడాదికి అంతకంటే మంచిది లేదు. 1890 ఫెడరల్ గణన జోలికి పోకండి, చాలావరకు మంటల పాలైంది.

జవాబు 5 (కోరంగి ఓడ)

కాస్త పక్కకు వెళుతున్నాను. ఇదే అచ్చు మన రంగంలో, అదే రంగూన్‌లో, పెట్టి ఎవరైనా రాయకూడదా? 1931 లెక్కల్లో ఊరి నాలుగు లక్షల జనంలో సగానికి పైగా భారతీయులే, రేవు కూలీల్లో మన తెలుగువాళ్లు చాలామంది. అయితే 1937 ఏప్రిల్ దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే, ఎల్లిస్ ఐలాండ్ లాంటి తనిఖీ కాగితం ఉండదు. కూలీలను తీసుకెళ్లే మేస్త్రీ దగ్గరి అప్పుల పద్దే మీ ప్రయాణికుల జాబితా అవ్వాలి.

గాలిగొట్టం

అది వేరే చర్చగా పెట్టండి, తప్పకుండా వస్తాను. కుట్టుసూది గారూ, మర్చిపోయాను: గ్యాస్ శవం చర్మం గులాబీ ఎరుపులో ఉంటుంది, బతికున్నట్టే కనిపిస్తుంది. ముందు చూసినవాళ్లు నిద్రపోతున్నాడనుకోవాలి.